మోహర్ క్లిఫ్స్: డబ్లిన్ నుంచి ఒక్కరోజు బస్ టూర్ వర్తేనా?

లిఫీ_గట్టు:
జూన్‌లో అమ్మానాన్న వస్తున్నారు. నాన్నకి మోకాళ్ళ నొప్పులు, నాకు కారు లేదు. ఐర్లండ్ పడమటి తీరంలో ఉన్న మోహర్ క్లిఫ్స్ (సముద్రం ఒడ్డున నిటారు కొండలు) ఒక్కరోజు టూర్ బుక్ చేద్దామంటే మా రూమ్మేట్ "బస్సులో కూర్చోడానికి డబ్బులు కట్టడమే అది" అంటున్నాడు. ఏం చెయ్యమంటారు?

గాల్వే_బ్యాచ్:
రూమ్మేట్ చెప్పింది నిజమే. డబ్లిన్ నుంచి 250 కిలోమీటర్ల పైనే, తెల్లారి ఎక్కితే సాయంత్రం ఎప్పటికో దింపుతారు, క్లిఫ్స్ దగ్గర రెండు గంటలు ఉంచితే గొప్ప, ఆ రెండు గంటల్లో పొగమంచు పట్టిందా 214 మీటర్ల కొండ కాదు కదా పక్కనున్న నాన్నగారు కూడా కనపడరు. అదే క్లిఫ్స్ పక్కనున్న డూలిన్ ఊళ్ళో ఒక రాత్రి ఉన్నారనుకో, జూన్‌లో పదింటి దాకా వెలుగే, ఆ కొండలు పడమటికి తిరిగి ఉంటాయి కాబట్టి సాయంత్రం ఎండ నేరుగా వాటి మీదే పడుద్ది. డబ్లిన్ బస్సులన్నీ అప్పటికి వెళ్ళిపోయుంటాయి. పఫిన్ పిట్టలు కూడా ఆ సీజన్లోనే.

పెరుగన్నం_ఫ్యాన్:
చెప్పడానికి బానే ఉంది బ్రో. ట్రైన్‌లో గాల్వే సిటీ, అక్కణ్ణుంచి 350 నంబరు బస్సు, పెట్టెలు మోసుకుంటూ, మోకాళ్ళ నొప్పులున్న మనిషితో! టూర్ బస్సైతే గుమ్మం దగ్గర దింపినట్టు విజిటర్ సెంటర్ దగ్గర దింపుతాడు, అక్కడ సిమెంటు దారే. మావాళ్ళు అలాగే వెళ్ళారు, ఆ కొండ మీదున్న ఓబ్రియన్స్ టవర్ దగ్గర ఫోటో దిగారు, ఇప్పటికీ అపార్ట్‌మెంట్లో అందరికీ చూపిస్తున్నారు. పులిహోర మాత్రం కట్టుకెళ్ళండి.

మీత్_మావ:
అసలు అంత దూరం ఎందుకు? న్యూగ్రేంజ్ అని రాతియుగపు సమాధి ఉంది, డబ్లిన్‌కి 50 కిలోమీటర్లే, క్రీ.పూ. 3200 నాటిది, గిజా పిరమిడ్ల కన్నా పాతది. డిసెంబర్ అయనాంతం (ఏడాదిలో అతి చిన్న పగలు) పొద్దున ఎండ దాని సన్నటి దారి గుండా లోపలి గదిదాకా పోతుంది, మిగతా రోజుల్లో లైటు వేసి చూపిస్తారు. టికెట్ ముందే బుక్ చేసుకోండి, లోపల వంగి నడవాలి అదొక్కటే ఇబ్బంది. అదీ కష్టమైతే గ్లెండలోక్, 6వ శతాబ్దంలో సెయింట్ కెవిన్ మఠం పెట్టిన చోటు, సరస్సు పక్కన చదును దారి.

లిఫీ_గట్టు:
జైంట్స్ కాజ్‌వే (సముద్రం ఒడ్డున రాతి స్తంభాలుండే చోటు) కూడా లిస్టులో ఉంది మరి?

గాల్వే_బ్యాచ్:
అది ఉత్తర ఐర్లండ్, అంటే యూకే. బోర్డర్‌లో గేటు ఉండదు గానీ రూల్ రూలే. అమ్మానాన్న ఐరిష్ విజిట్ వీసా మీద బీఐవీఎస్ (ఒకే వీసాతో ఐర్లండ్, యూకే రెండూ తిరిగే స్కీమ్) అని ఉంటే వాళ్ళు వెళ్ళొచ్చు, ఇక్కడ ఐఆర్‌పీ కార్డు (ఐర్లండ్ రెసిడెన్స్ పర్మిట్) మీద ఉన్న నీకే యూకే వీసా విడిగా కావాలి 😂

పెరుగన్నం_ఫ్యాన్:
అదలా ఉంచు, మోహర్ బస్సుకి ఇప్పుడే డబ్బులు కట్టకు, వాళ్ళొచ్చాక వెదర్ చూసి రెండ్రోజుల ముందు తియ్యి.

గాల్వే_బ్యాచ్:
జూన్‌లో రెండ్రోజుల ముందు సీట్లా? ట్రై చెయ్యి.