తమ్ముడి ఫోన్ నిండా బెట్టింగ్ రీల్సే, ఎలా ఆపాలి?

హన్మకొండ అక్క:
మా తమ్ముడు ఇంటర్ సెకండ్ ఇయర్, ఇంకా పద్దెనిమిది నిండలేదు. ఇన్‌స్టా తెరిస్తే చాలు, ఎవడో కొత్త బైక్ మీద కూర్చుని "పొద్దున ఐదొందలు పెట్టా, సాయంత్రానికి పదివేలు, లింక్ బయోలో ఉంది" అంటుంటాడు. అది నొక్కితే టెలిగ్రామ్ ఛానెల్, అందులో రోజంతా గెలిచినోళ్ల స్క్రీన్‌షాట్లే. నాన్న యూపీఐ నుంచి రెండొందలు, మూడొందలు చొప్పున పోతున్నట్టు మొన్న స్టేట్‌మెంట్ చూస్తే బయటపడింది. తెలంగాణలో ఇవన్నీ 2017లోనే నిషేధించారు కదా, మరి యాడ్స్ ఎలా వస్తున్నాయి? నాన్నకి చెబితే వాడి వీపు విమానం మోతే, చెప్పకపోతే నాకు టెన్షన్.

లా బెంచీ:
అక్కా, అది రాష్ట్ర చట్టం, నడిపేవాళ్లు చాలామంది దేశం బయట ఉన్నారు. ఏపీ 2020లో నిషేధించినా ఫోన్‌లో లొకేషన్ మార్చేసి ఆడేవాళ్లు ఆడుతూనే ఉన్నారు. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ కలిపి చట్టం చేసింది, దాని ప్రకారం డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలకి యాడ్ చేస్తే రెండేళ్ల దాకా జైలు, 50 లక్షల దాకా జరిమానా. అంతకుముందు మార్చిలోనే పంజాగుట్ట, మియాపూర్ స్టేషన్లలో సినిమావాళ్ల మీద, ఇన్‌ఫ్లుయెన్సర్ల మీద కేసులు పెట్టారు. కానీ మీవాడికి కనిపించే బైక్ అబ్బాయి లాంటోళ్లు ఇవాళ ఒక అకౌంట్ పోతే రేపు ఇంకోటి తెరుస్తారు. ఆ రీల్ లింకు, ఛానెల్ పేరు, డబ్బు వెళ్లిన యూపీఐ ఐడీ స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకుని సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

ఉక్కునగరం:
ముందు యూపీఐ పిన్ మార్చండి, మిగతాదంతా తర్వాత. స్టేట్‌మెంట్‌లో ఎవరి పేరుంది? సాధారణంగా కంపెనీ పేరుండదు, ఏదో ట్రేడర్స్ అనో, ఎవరిదో సొంత ఖాతానో ఉంటుంది, అందుకే ఇంట్లోవాళ్లు కిరాణా ఖర్చు అనుకుని వదిలేస్తారు. చాలా యాప్‌లు ప్లేస్టోర్‌లో దొరకవు, ఏపీకే ఫైల్ పంపి ఎక్కిస్తారు, సెట్టింగ్స్‌లో ఆ దారి మూసేయండి. రీల్స్ అంటారా, వచ్చినప్పుడల్లా రిపోర్ట్ కొట్టాలి, ఒక్కసారికి పోవు.

మావయ్య కొడుకు:
పైవాళ్లు చెప్పినవి చేయండి గానీ, పిల్లాడు "పోయినవి రాబట్టుకుని మానేస్తా" అంటున్నాడా లేదా కనుక్కోండి. ఆ మాట వస్తే సరదా దాటిపోయినట్టే. మా ఇంట్లో ఒకడికి లోన్ యాప్ అప్పులన్నీ మేమే కట్టేశాం, నెల తిరక్కుండా మళ్లీ మొదలెట్టాడు. డబ్బు చేతికివ్వకండి, తిట్టి గదిలో పెట్టకండి, కొడితే ఇంకా దాచుతాడు. టెలిమానస్ అని ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ ఉంది, 14416, ఫ్రీ, తెలుగులోనే మాట్లాడతారు.

హన్మకొండ అక్క:
పిన్ మార్చాను, అమ్మకి చెప్పాను. స్టేట్‌మెంట్‌లో నిజంగానే ఏదో ఎంటర్‌ప్రైజెస్ అని ఉంది అన్నా! వాడిని అడిగితే అచ్చం మీరన్న మాటే అన్నాడు, ఇంకో పదిహేనొందలు వస్తే వదిలేస్తాడట. 14416కి ఫోన్ చేసేటప్పుడు వాడిని పక్కన కూర్చోబెట్టుకోవాలా, ముందు నేనొక్కదాన్నే మాట్లాడాలా?

మావయ్య కొడుకు:
ముందు నువ్వొక్కదానివే మాట్లాడమ్మా. ఇంట్లోవాళ్లు చేసినా మాట్లాడతారు.