కత్తి గడ్డాన్ని కొయ్యడం లేదు, పీకుతోంది. ఎక్కడ తప్పు చేస్తున్నాను?

కొత్తగడ్డం:
మూడు గంటల నుంచి అద్దం ముందే ఉన్నాను. ఇక నా వల్ల కాక ఇక్కడ అడుగుతున్నాను. కత్తితో గడ్డం గీసుకోవడం నేర్చుకుందామని వారం క్రితం మొదలుపెట్టాను. బోలెడు వీడియోలు చూశాను. కోణం 30 డిగ్రీలు ఉండాలన్నారు, అలాగే పట్టుకుంటున్నాను. రోజూ అరగంట నూరుతున్నాను కూడా. అయినా వెంట్రుక తెగదు, పట్టుకుని లాగుతుంది. కుడి చెంప కమిలిపోయింది, దవడ కింద రెండుచోట్ల తెగింది. ఎడమ చెంప ఇంకా ముట్టుకోలేదు. ఎల్లుండి మా చెల్లి నిశ్చితార్థం. దయచేసి ఎవరైనా చెప్పండి.

సబ్బునురగ:
ముందు నురగ సంగతి చూసుకోండి. ఎవరూ పట్టించుకోనిది ఇదే. డబ్బా నొక్కితే వచ్చే ఫోమ్‌లో సగం గాలే, కత్తికి అది పనికిరాదు. గట్టి సబ్బు, బ్రష్షు తీసుకోండి. బ్రష్షును ఐదు నిమిషాలు గోరువెచ్చటి నీళ్లలో నానబెట్టండి. స్నానం చేశాక, గడ్డం బాగా తడిసి మెత్తబడ్డాక, అప్పుడు నురగ పట్టించండి. పెరుగు చిలికినట్టు చిక్కగా రావాలి, బుడగలు కనిపించకూడదు. మీది బోరునీళ్లా? అయితే నురగ నిలవదు. నేను రెండేళ్లు సబ్బును తిట్టుకున్నాను, తీరా చూస్తే తప్పు నీళ్లది. ఒక గ్లాసు ఫిల్టరు నీళ్లతో చేసి చూడండి.

వాదర:
ఏ కత్తి?

కొత్తగడ్డం:
స్ట్రెయిట్ రేజరండీ, మడతపెట్టేది. నీళ్లు మున్సిపాలిటీవే. నురగ బాగానే వస్తోంది.

వాదర:
బ్లేడు మార్చేదా, మార్చనిదా?

కొత్తగడ్డం:
మార్చనిదే.

గుంటూరు కుర్రాడు:
బ్రదర్, కొత్తవాళ్లు దాంతో మొదలుపెట్టకూడదు. సెలూన్‌లో వాడేది కొనుక్కోండి. మామూలు బ్లేడు సగానికి విరిచి దాంట్లో దూర్చడమే. నూరే పని లేదు. నేనూ దాంతోనే నేర్చుకున్నాను.

వాదర:
అది స్ట్రెయిట్ రేజర్ కాదు.

గుంటూరు కుర్రాడు:
చూడ్డానికి అలాగే ఉంటుంది, పట్టుకునేదీ అలాగే. ఎందుకు కాదు?

వాదర:
బరువు లేదు. అరబ్లేడు పలచన, బిరుసు. చెయ్యి ఇంత వణికినా తోలు లేచిపోతుంది. అసలు కత్తి దానికంటే మెతక. దాంతో నేర్చుకున్నది దీనికి పూర్తిగా పనికిరాదు.

పొదిపెట్టె:
తమ్మీ, అవన్నీ తర్వాత. నూరుతున్న అంటున్నవ్, దేని మీద నూరుతున్నవ్? రాయి మీదనా, తోలు మీదనా? కత్తి కొత్తదా, పాతదా?

కొత్తగడ్డం:
తోలు మీదే అన్నా. పాత నడుంబెల్టు గడియకు కట్టి దాని మీద. కత్తి మా తాతగారిది. ట్రంకుపెట్టెలో దొరికింది, ఆయన పోయి ఇరవై ఏళ్లయింది. తుప్పు ఉంటే ఎమరీ కాగితంతో రుద్ది మెరిసేలా చేశాను. దాని మీద ‘సోలింగెన్’ అని చెక్కి ఉంది.

పొదిపెట్టె:
ఇది ముందుగాల చెప్పాలె గదా తమ్మీ.

మా తాత, మా నాయిన ఇదే పని చేసిండ్రు, నేను పన్నెండేండ్ల సంది దుకాణంల ఉన్న. తోలు పదును పెట్టది. ఉన్న పదునును సక్క చేస్తది, అంతే. గడ్డం గీసినప్పుడల్లా వాదర, అంటే కత్తి కోసే అంచు, కంటికి కనవడనంత వంగుతది. తోలు మీద గుంజితే మళ్ల నిటారుగ అయితది. నీ కత్తికి ఇప్పుడు వాదరే లేదు. ఇరవై ఏండ్ల తుప్పు కొంత తిన్నది, ఎమరీ కాగితం మిగిలింది గుండ్రగ చేసింది. ఆర్నెల్లు బెల్టు మీద గుంజినా అది తెగది.

రాయి మీద పెట్టాలె. కత్తిని పండవెట్టి వీపు, వాదర రెండూ రాయికి ఆననియ్యాలె. కోణం నువ్వు చూసుకునే పని లేదు, వీపు మందమే కోణాన్ని నిలవెడ్తది. చెయ్యి లేపినవంటే పని చెడిపోయినట్టే. ముందు 1000 నంబరు గరుకు రాయి మీద రెండు దిక్కుల సమంగ వాదర తేవాలె. ఎక్కువ సేపు పట్టేది ఇదే, ఓపిక కావాలె. తర్వాత ఇంక సన్నటి రాళ్లు, 4000, 8000. 12000 ఉంటే ఇంక మెత్తగ గీస్తది. రాయి మీద వాదర ముందు నడుస్తది. తోలు మీద ఉల్టా, వీపు ముందు పోవాలె, వాదర ఎనక రావాలె. మలిపేటప్పుడు వీపు మీద మలపాలె. నువ్వెట్ల చేస్తున్నవ్?

కొత్తగడ్డం:
వాదరే ముందు పోనిచ్చాను. బెల్టు మీద అక్కడక్కడా కోసుకుపోయింది. అందుకేనా!

పదసంపద:
ఒక చిన్న సవరణ. అందరూ ‘నూరడం’ అంటున్నారు, గొడవంతా అక్కడే వచ్చింది. నూరడం, సానపట్టడం రాతి మీద చేసేవి. తోలు మీద చేసేది నూరడం కాదు. దానికి వేరే మాట ఉండాలి. ‘తోలు పట్టించడం’ అంటే సరిపోతుంది. కత్తిని కూడా ‘మంగలి కత్తి’ అని తెలుగులో అంటే అందరికీ వెంటనే తెలిసేది.

గుంటూరు కుర్రాడు:
మావైపు రెండిటికీ నూరడమే అంటాం. మాట మారిస్తే పదును వస్తుందా?

పదసంపద:
ఆయన మొదటే ‘తోలు మీద’ అని ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు కదండీ.

పొదిపెట్టె:
మా ఇంట్ల ఉత్త ‘కత్తి’ అనే అంటం. పొదిల కత్తి, రాయి, తోలు, పటిక ఉంటయ్. పనిముట్టుకు ఆ పేరు పెడితే నాకేం బాధ లేదు. మనిషిని పిలిచేటప్పుడు ఆ మాట తిట్టు లెక్క వాడుతరు, అది చిన్నప్పటి సంది విన్న. అందుకే జెర సూసి అనుండ్రి.

పదసంపద:
నిజమే అన్నా. ఆ కోణంలో ఆలోచించలేదు, మన్నించండి.

విశాఖ తీరం:
‘సోలింగెన్’ అంటే జర్మనీలో కత్తులకు పేరుపడ్డ ఊరు. 1938 నుంచి అక్కడ తయారైన సరుకు మీదే ఆ పేరు వేయాలని చట్టం ఉంది. అంతకుముందు సరుకు మీదా కనిపిస్తుంది కాబట్టి మీది ఎప్పటిదో పేరును బట్టి తేలదు. పిడి దగ్గర కంపెనీ గుర్తు ఉంటే ఫొటో పెట్టండి. కార్బన్ స్టీలైతే మా సముద్రపు గాలికి ఒక్క రాత్రిలో చుక్కలు పడతాయి. వాడిన ప్రతిసారీ పొడిగుడ్డతో తుడిచి, పలచగా నూనె రాసి పెట్టాలి. తడిగా మడతపెట్టొద్దు, పిడి సందులోంచే తుప్పు మొదలవుతుంది.

వాదర:
వాదర మీద లోతు గుంటలు ఉన్నాయా? ఉంటే రాయి కూడా కష్టమే.

కొత్తగడ్డం:
చిన్న చిన్న నల్ల చుక్కలున్నాయి. లోతో కాదో తెలియడం లేదు. రాళ్ల ధరలు చూశాను, మూడు రాళ్లు కొనాలంటే చాలా అవుతోంది. ఎవరైనా నూరి ఇస్తారా?

పొదిపెట్టె:
చౌక కత్తి ఒకటి తీసుకొని రాయి పట్టుడు ముందు దాని మీద నేర్చుకో. తాత కత్తి మీద ప్రయోగం చెయ్యకు. పదునైనంక గూడ మొదటి వారం చెంపలే గియ్యి. గదువ, పైపెదవి మామూలు రేజరుకు ఇడిసిపెట్టు. ఎడమ చేత్తోని తోలు గట్టిగ గుంజి పట్టు. కత్తి బరువే కొయ్యాలె, నువ్వు ఒత్తొద్దు. కమిలిన చెంపకు రెండు రోజులు ఏ కత్తీ తగలనియ్యకు.

సబ్బునురగ:
తెగినచోట పటిక తడిపి రుద్దండి. మళ్లీ చెబుతున్నాను, నురగ చిక్కగా ఉంటే సగం మంట తగ్గుతుంది.

గుంటూరు కుర్రాడు:
తుప్పు కత్తితో తెగిందంటున్నారు, ధనుర్వాతం టీకా ఎప్పుడు వేయించుకున్నారో గుర్తుందా? ఒకసారి డాక్టరును అడగండి.

కొత్తగడ్డం:
ఎడమ చెంప మామూలు రేజరుతో గీసేశాను. కత్తి మళ్లీ పెట్టెలో పెట్టాను. థాంక్స్ అన్నా, అందరికీ.

పొదిపెట్టె:
తుడిచి నూనె పూసి పెట్టినవా తమ్మీ?