పాత గిటారుకి బ్రిడ్జ్ మార్పు: మళ్లీ ట్రెమెలోనా, హార్డ్‌టెయిలా?

సిల్క్‌సిటీ లీడ్ (బరంపురం):
అందరికీ నమస్కారం. మా ఆర్కెస్ట్రాలో 90ల నాటి కొరియా తయారీ గిటారు ఒకటి ఉంది. ఫెండర్ కంపెనీ స్ట్రాటోకాస్టర్ (స్ట్రాట్) ఆకారం. పెద్ద బ్రాండ్ కాదు కానీ మెడ చేతికి అంత బాగా కుదిరిన గిటారు మళ్లీ దొరకదు, అందుకే వదల్లేకపోతున్నాం. బ్రిడ్జ్ (బాడీ మీద స్ట్రింగ్స్‌ని పట్టి ఉంచే లోహపు భాగం) మాత్రం పోయింది. ఆరు స్క్రూల ట్రెమెలో అది, అంటే బార్ (చేతి కడ్డీ) నొక్కితే వాలి శ్రుతిని ఊపే రకం. గోపాల్‌పూర్ వైపు నుంచి వచ్చే ఉప్పుగాలికి చెమట కూడా తోడై శాడిల్స్ (ఒక్కో స్ట్రింగ్ ఆనే చిన్న ముక్కలు) ఎత్తు సర్దే చిన్న స్క్రూలు తుప్పుతో బిగిసిపోయాయి. ఎలెన్ కీ పెడితే ఊరికే తిరుగుతోంది. బార్ నొక్కి వదిలితే ట్యూనింగ్ చోటికి రావడం లేదు. పెళ్లిళ్ల సీజన్ లోపు మార్చాలి. మా కీబోర్డ్ అన్నయ్య "ట్రెమెలో పీకేసి హార్డ్‌టెయిల్ వేయించరా, పీడా పోతుంది" అంటున్నాడు. హార్డ్‌టెయిల్ అంటే కదలని బ్రిడ్జ్. నేను మెలొడీ పాటల్లో బార్ వాడతాను, ఎక్కువ కాదు, చిన్న ఊపు కోసం. మీరేమంటారు?

రాయగడ రిథమ్:
మీ అన్నయ్య మాటే కరెక్ట్. స్టేజీ మీద ఒక స్ట్రింగ్ తెగిందనుకో. తేలే (బాడీకి ఆనకుండా ఉండే) ట్రెమెలోలో స్ట్రింగ్స్ ఒకవైపు, వెనక స్ప్రింగులు ఒకవైపు లాగుతూ ఉంటాయి. ఒక స్ట్రింగ్ పోగానే స్ప్రింగులది పైచేయి అయి మిగతా ఐదూ పైశ్రుతికి పోతాయి. పాట మధ్యలో ఏం చేస్తావు తమ్ముడూ? హార్డ్‌టెయిల్‌లో ఆ స్ట్రింగ్ తప్పించి వాయించుకుంటూ పోవచ్చు. ఫెండర్ వాళ్లే 1950లలో ట్రెమెలో లేని స్ట్రాట్ కూడా అమ్మారు. అదేం తక్కువ గిటారు కాదు.

జయపురం చర్చి గిటార్:
రెండూ వద్దన్నా. రెండు పోస్టుల మీద ఆడే కొత్త రకం ట్రెమెలో వేయించండి. ఫెండర్ 1987లో అమెరికన్ స్టాండర్డ్‌కి అదే పెట్టింది. ఆరు స్క్రూల దానికంటే రాపిడి తక్కువ, ట్యూనింగ్ బాగా నిలుస్తుంది.

పర్లాకిమిడి పాతగిటార్లు:
ఆగండి బాబూ. కొత్త బ్రిడ్జ్ ఏదో తేల్చే ముందు పాత బ్రిడ్జ్ తప్పు ఎంతో చూడాలి కదా. బార్ కిందికి నొక్కి వదిలాక ట్యూనింగ్ దిగుతోందా, ఎక్కుతోందా? ఎక్కుతూ ఉంటే, ఆ స్ట్రింగ్‌ని ఒకసారి గట్టిగా బెండ్ చేసి (వేలితో పక్కకి లాగి) వదలండి. దాంతో సర్దుకుంటే దోషం బ్రిడ్జ్‌ది కాదు, నట్‌ది (మెడ పై చివర స్ట్రింగ్స్ కూర్చునే గాడులున్న ముక్క). బార్ నొక్కినప్పుడు స్ట్రింగ్ వదులై కొంచెం కీల వైపు జారుతుంది, తిరిగి వచ్చేటప్పుడు నట్ గాడిలో ఇరుక్కుంటుంది. అది సరిచేయకుండా ఎంత ఖరీదైన ట్రెమెలో వేసినా ఇదే గొడవ. గాడిలో పెన్సిల్ ములికి రుద్ది చూడండి, ఖర్చేమీ లేదు.

ఇక హార్డ్‌టెయిల్ సంగతి. "పీకేసి వేయించు" అనడం తేలిక. ట్రెమెలో ఉన్న బాడీలో బ్రిడ్జ్ కింద బ్లాక్ (ప్లేటు కింద ఉండే లోహపు దిమ్మ) ఆడటానికి వెనక దాకా తొలిచిన రంధ్రం ఉంటుంది. హార్డ్‌టెయిల్ ప్లేటుకి స్క్రూలు పట్టాల్సిన చోట చాలావరకు చెక్కే ఉండదు. ముందు ఆ ఖాళీలో గట్టి చెక్క దిమ్మ కోసి, సందు లేకుండా అతికించాలి. 10-46 సెట్ (అతి సన్న, అతి లావు స్ట్రింగ్‌ల మందం, అంగుళంలో వెయ్యో వంతుల్లో) వేస్తే మామూలు ట్యూనింగ్‌లో మొత్తం లాగుడు సుమారు 46 కిలోలు. ఆ దిమ్మ దాన్ని ఏళ్ల తరబడి మోయాలి. తర్వాత ప్లేటు ఎక్కడ కూర్చోవాలో లెక్క. స్ట్రాట్ స్కేల్ 648 మిల్లీమీటర్లు, అంటే నట్ నుంచి 12వ ఫ్రెట్‌కి 324, అక్కడి నుంచి శాడిల్‌కి మళ్లీ అంతే. లావు స్ట్రింగ్‌కి ఇంకొన్ని మిల్లీమీటర్లు వెనక్కి జరిగే చోటు ఉంచాలి. ఇందులో పొరపాటు పడితే ఇంటొనేషన్ (ప్రతి ఫ్రెట్ దగ్గరా శ్రుతి సరిగా పలకడం) ఎప్పటికీ కుదరదు. గ్రౌండ్ వైర్ కూడా ఉంది. ఇప్పుడది వెనక స్ప్రింగుల క్లాకి (వాటిని పట్టి ఉంచే లోహపు ముక్కకి) సోల్డర్ చేసి ఉంటుంది. క్లా తీసేస్తే దాన్ని కొత్త ప్లేటు కిందికి తీసుకురావాలి, లేదంటే ఒకటే బుయ్యిమనే హమ్. ఇదంతా చేయగల చెయ్యి మన దగ్గర ఎవరికుంది? మంచాలు చేసే వడ్రంగి దగ్గర గిటారు పెట్టి రావడమేనా?

రెండు పోస్టుల రకానికీ నాది ఇదే అభ్యంతరం. పోస్టు కూర్చునే గొట్టానికి సుమారు 10 మిల్లీమీటర్ల రంధ్రం కావాలి. ఆ కాలపు చవక గిటార్లు చాలావాటిలో బాడీ ప్లైవుడ్. అంచు దగ్గర డ్రిల్ పెడితే పొరలు లేస్తాయి.

రాయగడ రిథమ్:
గురువుగారూ, భయపెట్టారు, బాగుంది. మరి మీ దారి ఏమిటి?

పర్లాకిమిడి పాతగిటార్లు:
ఉన్న ఆరు రంధ్రాల్లోకే సరిపోయే ఆరు స్క్రూల ట్రెమెలో. స్థిరత్వం కావాలంటే వెనక క్లా స్క్రూలు బిగించి ప్లేటుని బాడీకి ఆనించేయండి. ఇక పైకి లాగడం ఉండదు, కిందికి నొక్కడం మాత్రం ఉంటుంది. ఆయనకి కావలసిన ఊపు అందులోనే వస్తుంది. స్ట్రింగ్ తెగినా మిగతావి పైకి పోవు, ప్లేటు అప్పటికే ఆని ఉంది కాబట్టి. పూర్తిగా ఆపేయాలంటే బ్లాక్‌కీ తొలిచిన గోడకీ మధ్య ఒక చెక్కముక్క దూర్చడమే. ఎరిక్ క్లాప్టన్ స్ట్రాట్‌లు అలా ట్రెమెలో కదలకుండా కట్టేసినవే. రేపు మనసు మారితే ఆ ముక్క తీసేయొచ్చు. డ్రిల్ చేసిన రంధ్రాన్ని అలా తీసేయలేం.

రాయగడ రిథమ్:
కదలకుండా చేసేదానికి కదిలే బ్రిడ్జ్ కొనడం ఏమిటండీ! ఫ్యాన్ కొని రెక్కలు కట్టేసినట్టుంది. పైగా ప్లేటు చెక్కకి బిగిస్తే సస్టెయిన్ (స్వరం మోగుతూ నిలవడం) వేరు.

పర్లాకిమిడి పాతగిటార్లు:
సస్టెయిన్ తేడా ఇంట్లో కూర్చుంటే వినపడుతుందేమో. తబలా, ప్యాడ్స్, ఇద్దరు గాయకులు, ఊరేగింపు బాక్సుల మధ్య నాకైతే వినపడదు. అయినా ఒక మాట ఒప్పుకుంటాను: బార్ అసలు ముట్టనివాడు కొత్తగా గిటారు కొనుక్కుంటే హార్డ్‌టెయిలే కొనాలి. ఇది ఉన్న గిటారు, ఆయన బార్ వాడతాడు.

జయపురం చర్చి గిటార్:
నట్ మార్చాల్సి వస్తే మీ పర్లాకిమిడి కొమ్ము పనివాళ్ల చేత కోయిస్తే పోలేదా అన్నా? అంత నున్నగా చేస్తారు.

పర్లాకిమిడి పాతగిటార్లు:
చూడ్డానికి అందంగా ఉంటుంది. కానీ కొమ్ము ఎముకకంటే మెత్తన, సన్న స్ట్రింగ్స్ గాడిని త్వరగా తినేస్తాయి. ఎముక ముక్క దొరికితే వాళ్ల చేతే కోయించండి, ఆ చేతిపనికి తిరుగులేదు.

సిల్క్‌సిటీ లీడ్ (బరంపురం):
ఈ రాత్రి విప్పి చూశాను. బార్ నొక్కి వదిలితే మూడో స్ట్రింగ్ ఎక్కుతోంది, బెండ్ చేస్తే సర్దుకుంటోంది. అంటే నట్ కూడా దోషే. ఆరు స్క్రూలలో ఈ చివరిదాని మధ్య నుంచి ఆ చివరిదాని మధ్యకి కొలిస్తే 52.5 మిల్లీమీటర్లు. ఆన్‌లైన్‌లో నచ్చిన బ్రిడ్జ్‌కి 2 7/32 అంగుళాలు అని ఉంది, అది సరిపోతుందా?

పర్లాకిమిడి పాతగిటార్లు:
సరిపోదు. అది పాత అమెరికా కొలత, 56 మిల్లీమీటర్ల పైచిలుకు. మీకు కావలసింది 2 1/16 అంగుళాలది, అంటే 52.4. అక్కడ ఫొటో చూసి కొనేవాళ్లే ఎక్కువ దెబ్బ తింటారు, రెండూ ఒక్కలాగే కనిపిస్తాయి. బాడీ మందం కూడా కొలిచారా?

సిల్క్‌సిటీ లీడ్ (బరంపురం):
40.

పర్లాకిమిడి పాతగిటార్లు:
అయితే పొట్టి బ్లాక్ ఉన్నదే తీసుకోండి. మామూలు స్ట్రాట్ బాడీ 44, 45 ఉంటుంది. దాని కోసం చేసిన బ్లాక్ మీ గిటారు వెనక మూత దాటి బయటికి పొడుచుకొస్తుంది. మీ బ్లాక్ ఎత్తు కొలిచి, అమ్మేవాడిని ఆ అంకె అడిగి మరీ కొనండి. పొట్టి వాటిలో స్టీలు దొరికితే స్టీలు, లేదంటే జింకుది చాలు. శాడిల్ స్క్రూలు మాత్రం స్టెయిన్‌లెస్ అడగండి, మీ ఊరి గాలికి మామూలు స్క్రూలు నిలవవు.

రాయగడ రిథమ్:
నేను ఇప్పటికీ హార్డ్‌టెయిలే అంటాను, కానీ 40 మందం ప్లైవుడ్‌లో దిమ్మ అతికించమని మాత్రం చెప్పలేను. స్ప్రింగులు ఎన్ని వేస్తావు తమ్ముడూ?

సిల్క్‌సిటీ లీడ్ (బరంపురం):
9-42 సెట్ వాడతాను. ఇప్పుడు మూడే ఉన్నాయి.

పర్లాకిమిడి పాతగిటార్లు:
మూడుతో మొదలుపెట్టండి. గట్టిగా బెండ్ చేసినప్పుడు ప్లేటు లేస్తుంటే నాలుగోది. ఆరు స్క్రూలూ సమానంగా బిగించేయకండి. అటు చివరిది, ఇటు చివరిది ప్లేటుకి తగిలీ తగలనట్టు దింపి, మధ్య నాలుగింటినీ కాస్త పైనే వదలండి. ప్లేటు వాలడానికి చోటు ఉండాలి. పాతవి తుప్పుతో రాకపోతే బలవంతం చేయొద్దు, తల విరిగితే చెక్క తవ్వాల్సి వస్తుంది. వేడి సోల్డరింగ్ ఐరన్ కొనను స్క్రూ తలకి కాసేపు ఆనించి, చల్లారాక సరిగ్గా పట్టే స్క్రూడ్రైవర్‌తో మెల్లగా తిప్పండి.