వేలూరు 1806: తలపాగా గొడవా, టిప్పు కొడుకుల కుట్రా?

కోటగుమ్మం:
1806 జులై 10న వేలూరు కోటలో సిపాయిలు తిరగబడ్డ సంగతి ఎక్కడ చదివినా "కొత్త టోపీ పెట్టుకోమన్నారు, తిరగబడ్డారు" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. నాకది మింగుడుపడదు. 1799లో మైసూరు పాలకుడు టిప్పు సుల్తాన్ ఈస్టిండియా కంపెనీతో యుద్ధంలో చనిపోయాక అతని కుటుంబాన్ని ఉంచింది ఆ కోటలోనే. ముందు రోజే టిప్పు కూతురి పెళ్లి. తెల్లారేసరికి కోట మీద మైసూరు జెండా. టోపీ సాకు, అసలు కోరిక రాజ్యం. కాదంటారా?

దస్త్రాలగది:
కాదనే అంటానండీ. ముందు కంపెనీ మద్రాసు సేనకిచ్చిన ఉత్తర్వు చూడండి. యూనిఫాంలో ఉన్నప్పుడు నొసట నామం, విభూతి ఉండకూడదు. చెవిపోగులు తీసేయాలి. గడ్డం నున్నగా గీయించుకోవాలి, మీసం అందరికీ ఒకే తీరు. దానికి తోడు దొరల టోపీని పోలిన తలపాగా, దానికి తోలు కుచ్చు. తోలు ఆవుదని హిందువుకి, పందిదని ముసల్మానుకి అనుమానం. తుపాకీ మరలు తిప్పే పనిముట్టు రొమ్ము మీద వేలాడుతుంటే అదీ శిలువలాగే కనిపించింది. మన ఊళ్లలో "టోపీవాడు" అంటే తెల్లదొరేగా! అది నెత్తిన పెట్టుకుని ఇంటికెళ్తే పంక్తిలో కూర్చోనివ్వరు.

మే నెలలోనే అదే కోటలో 4వ రెజిమెంటు రెండో పటాలం ఈ తలపాగా వద్దంది. 21 మందిని విచారించారు. ఇద్దరికి, ఒక హిందువుకి, ఒక ముసల్మానుకి, 900 కొరడా దెబ్బలు, ఆపైన బర్తరఫ్. తక్కిన 19 మందికి 500 చొప్పున శిక్ష వేసి, తప్పు ఒప్పుకున్నాక వదిలారు. ఆ పటాలాన్ని మద్రాసుకు పంపేసి 23వ రెజిమెంటు రెండో పటాలాన్ని తెచ్చారు. జులైలో అదీ తిరగబడింది. మనుషులు మారారు, మంట మారలేదు.

ఆర్కాటురోడ్డు:
హైదరాబాదునూ కలుపుకోండి. అక్కడి కంపెనీ దళంలోనూ ఇదే గుసగుస మొదలైతే దళాధిపతి మాంట్రెసర్ ఉత్తర్వును నిలిపేశాడు, చల్లారిపోయింది. అక్కడ టిప్పు కొడుకులెవరూ లేరు మరి.

కోటగుమ్మం:
బాగుంది. మరి ముస్తఫా బేగ్ అనే సిపాయి ముందే వచ్చి కుట్ర సంగతి చెప్పాడు కదా? దేశీ అధికారుల మాట నమ్మి అతన్నే పిచ్చివాడిగా చూశారు. కుట్ర లేకుండానే చెప్పాడా? విచారణ సంఘం కూడా టిప్పు కుటుంబం కోటలో ఉండటాన్ని రెండో కారణంగా రాసింది.

దస్త్రాలగది:
కుట్ర ఉంది, కానీ అది సిపాయిల కుట్ర. రాజ్యం కోసమైతే కోట చేతికొచ్చాక చేసే మొదటి పని ఏమిటి? గుమ్మాలు మూయడం. ఇక్కడేం జరిగిందో చూడండి. మామూలుగా సిపాయిలు కోట బయట గుడిసెల్లో పెళ్లాంబిడ్డలతో ఉండేవారు. మర్నాడు కవాతు ఉందని ఆ రాత్రి చాలామంది లోపలే పడుకున్నారు. అర్ధరాత్రి దాటాక కోటలో ఉన్న తెల్ల సైనికుల 69వ రెజిమెంటు నాలుగు దళాల బారకాసుల మీద పడ్డారు. కోట అధిపతి కల్నల్ ఫ్యాన్‌కోర్ట్ చచ్చాడు. అంతవరకూ పకడ్బందీగానే సాగింది. ఆ తర్వాత దోపిడీకి చెదిరిపోయారు. బయటి గుమ్మాలు తెరిచే ఉన్నాయి. గుమ్మం పైనున్న గోడ భాగాన్ని సుమారు 60 మంది తెల్ల సిపాయిలు తూటాలు అయిపోయాక కూడా పట్టుకునే ఉన్నారు. ఆర్కాటు 16 మైళ్ల దూరం. అక్కడి ఇంగ్లీషు గుర్రపుదళం అధిపతి గిలెస్పీ కొద్దిమంది రౌతులతో ముందొచ్చి, పైవాళ్లు వదిలిన తాడు పట్టుకుని గోడెక్కాడు. వెనకొచ్చిన తేలిక ఫిరంగులు లోపలి తలుపు పేల్చాయి. పొద్దెక్కేసరికి అంతా ముగిసింది. పట్టుబడ్డ సుమారు వంద మందిని గోడకు నిలబెట్టి కాల్చేశారు.

పాతనాణెం:
ఇద్దరూ కంపెనీ జమాఖర్చు వదిలేశారు. అది వ్యాపారసంస్థ. మన జనం కట్టిన శిస్తుతో సిపాయికి జీతమిచ్చి, మిగిలినదాంతో బట్టలు కొని లండన్‌కి పంపేది. సిపాయి ఎంతకాలం చేసినా సుబేదారు దాటడు; నిన్న ఓడ దిగిన కుర్ర ఎన్‌సైన్, అంటే తెల్ల అధికారుల్లో అందరికంటే కిందివాడు, అతనికి పైవాడు. 1780 అక్టోబరులో విశాఖపట్నంలో సిపాయిలు తిరగబడింది టోపీ కోసం కాదు, ఓడెక్కి మద్రాసుకు పొమ్మన్నందుకు. ఉత్తరాదిలో సిపాయిని "తిలంగా" అనేవారు, ఆ పేరు మనవాళ్ల నుంచే వెళ్లింది.

కోటగుమ్మం:
సరే, గుమ్మం మాట దగ్గర ఓడాను. అయినా ఒకటి అడుగుతా: తిరుగుబాటు తర్వాత తలపాగా ఉత్తర్వు రద్దు చేసి, మద్రాసు గవర్నర్ బెంటింక్‌నీ, సేనాపతి క్రాడక్‌నీ వెనక్కి పిలిచారు. టిప్పు కొడుకుల్ని కలకత్తాకు ఎందుకు తరలించినట్టు?

ఆర్కాటురోడ్డు:
మైసూరు జెండా ఎగరేసినవాళ్లకి మళ్లీ ఓ రాజు దొరక్కూడదని.