ఇళ్ల నంబర్లు వరుసలో లేని కాలనీలో అంబులెన్సుకు దారి ఎలా దొరకాలి?

ప్రశ్న (కాలనీ సంఘం కార్యదర్శి):

అందరికీ నమస్కారం. మా కాలనీలో ఇళ్లకు నంబర్లు వీధి వరుసలో కాక, కట్టిన క్రమంలో పడ్డాయి. 41 పక్కన 86, దాని ఎదురుగా 7. ఈ మధ్య ఒక పెద్దాయనకు గుండెనొప్పి వచ్చి అంబులెన్సును పిలిస్తే, కాలనీ దాకా త్వరగానే వచ్చింది కానీ మ్యాప్ దాన్ని ఆ ఇంటి వెనుక ప్రహరీ దగ్గరికి తీసుకెళ్లింది. అటువైపు గేటు లేదు. చుట్టూ తిరిగి ముందు వీధిలోకి వచ్చేసరికి విలువైన సమయం పోయింది. ఆయన కోలుకున్నారు గానీ మా అందరికీ భయం పట్టుకుంది. నంబర్లన్నీ మార్చాలని కొందరు, ఇంటింటికీ ఒక డిజిటల్ కోడ్ ఇస్తే చాలని కొందరు అంటున్నారు. తెలిసినవారు దయచేసి చెప్పండి.

జవాబు (అత్యవసర కాల్స్ కేంద్రంలో పనిచేసిన సభ్యురాలు):

ఇందులో రెండు చిక్కులు ఉన్నాయండీ, విడదీసి చూడాలి. వెనుక ప్రహరీ సంగతి నంబరు వల్ల వచ్చింది కాకపోవచ్చు. మ్యాప్‌లో ఇంటి గుర్తును తరచుగా కప్పు మధ్యలోనో స్థలం మధ్యలోనో పెడతారు. గేటు ఎటు ఉందో నమోదు కాకపోతే, దారి చూపే యాప్ ఆ గుర్తుకు అతి దగ్గరగా ఉన్న రోడ్డును ఎంచుకుంటుంది. వెనుక సందు 8 మీటర్ల దూరంలో, ముందు వీధి 12 మీటర్ల దూరంలో ఉంటే బండి వెనక్కే పోతుంది. మధ్యలో గోడ ఉన్న సంగతి దానికి తెలియదు. కాబట్టి అత్యవసర సేవలకు పనికొచ్చే గుర్తు ఇంటి మీద కాదు, బండి ఆగాల్సిన గేటు మీద ఉండాలి. మీరు మొదట చేయాల్సిన పని ఇదే, దీనికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

ఇక నంబర్లు. ఇంటి గుర్తు అసలే నమోదు కాని చోట కంప్యూటర్ అంచనా వేస్తుంది. వీధి ఈ చివర 1, ఆ చివర 99 ఉంటే 50 నడిమధ్య ఉంటుందని లెక్క కడుతుంది. వరుస తప్పిన నంబర్లతో ఆ లెక్క పూర్తిగా తప్పుతుంది. డ్రైవరు కూడా అలాగే వెతుకుతాడు. 41 దాటి 43 కనిపిస్తే ఎటు పోవాలో అతనికి తెలుస్తుంది, 41 పక్కన 86 కనిపిస్తే ఆగిపోతాడు. నా మట్టుకు నంబర్లు మార్చాల్సిందే.

జవాబు (సర్వే, మ్యాపుల పనిలో ఉన్న సభ్యుడు):

మేడం చెప్పింది అక్షరాలా నిజం. నంబర్లు మారుస్తుంటే ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ గ్రామీణ ప్రాంతాల పద్ధతి ఒకసారి చూడండి. అక్కడ నంబరే దూరం. రోడ్డు మొదలు నుంచి ఆ స్థలంలోకి వెళ్లే దారి దాకా ఎన్ని మీటర్లో కొలిచి 10తో భాగిస్తారు. ఎడమవైపు బేసి, కుడివైపు సరి సంఖ్య. అంటే 350 అన్న నంబరు రోడ్డు మొదలుకు మూడున్నర కిలోమీటర్ల దూరంలో కుడిచేతి వైపు ఉంటుంది. సిగ్నల్ పోయినా, మ్యాప్ తెరుచుకోకపోయినా, బండిలోని కిలోమీటర్ల మీటరు చూసుకుంటూ వెళ్లిపోవచ్చు. కొలత ఇంటి దాకా కాదు, లోపలికి తిరిగే చోటు దాకా అన్నది గమనించండి. మధ్యలో ఖాళీ స్థలాల్లో రేపు ఇళ్లు వచ్చినా వాటి నంబర్లు ముందే సిద్ధంగా ఉంటాయి. 41ఎ, 41బి, 41బై2 అన్న తంటా ఉండదు.

మీ వీధులు చిన్నవి కాబట్టి అంత లెక్క అక్కర్లేదు. ఒకవైపు బేసి, ఒకవైపు సరి, ఖాళీ స్థలాలకు నంబర్లు వదిలిపెట్టడం, అన్ని వీధులనూ ఒకే దిక్కు నుంచి మొదలుపెట్టడం చాలు. అయితే ఇది సంఘం తీర్మానంతో అయ్యే పని కాదు, స్థానిక సంస్థ ఆమోదించాలి. లేకపోతే పన్ను రసీదులో ఒక నంబరు, గేటు మీద మరొకటి, కాల్ కేంద్రం జాబితాలో మూడోది తేలతాయి. దక్షిణ కొరియా భూమి నంబర్ల నుంచి వీధి పేర్ల చిరునామాలకు మారినప్పుడు పాతవీ కొత్తవీ కొంతకాలం కలిపి నడిపి, 2014 జనవరి 1 నుంచి కొత్తవాటిని పూర్తిగా అమల్లోకి తెచ్చింది. మీరూ కొన్నాళ్లు పాత నంబరును చిన్న అక్షరాల్లో కింద ఉంచండి.

వీధి పేర్లు కూడా చూసుకోండి. మూడో వీధి, మూడో అడ్డవీధి, పాత మూడో వీధి అని ఉంటే, ఏడుస్తూ మాట్లాడే మనిషి గొంతులో ఆ తేడా వినిపించదు.

ప్రశ్న (కార్యదర్శి):

చాలా సంతోషమండీ. మరి కోడ్‌ల మాట? ఫోనులో లొకేషన్ పంపిస్తే సరిపోతుంది కదా, ఇదంతా ఎందుకని మా యువకులు అడుగుతున్నారు. ఇంకో సంగతి, కాలనీ చివర రెండు అయిదంతస్తుల భవనాలు కూడా ఉన్నాయి.

జవాబు (అత్యవసర కాల్స్ కేంద్రంలో పనిచేసిన సభ్యురాలు):

లొకేషన్ పంపగలిగే మనిషి పక్కన ఉంటే మంచిదే. ఒంటరిగా పడిపోయిన ముసలావిడ, తాతగారి ఫోను పట్టుకున్న ఎనిమిదేళ్ల పిల్లవాడు పంపగలరా? అన్ని కేంద్రాలూ మెసేజ్‌లో వచ్చిన లొకేషన్‌ను తెరవలేవు కూడా. అత్యవసర నంబరుకు కాల్ చేయగానే ఫోను తనంతట తానే స్థానం కనిపెట్టి కేంద్రానికి పంపే ఏర్పాటు ఒకటుంది. బ్రిటన్‌లో 2014లో మొదలై చాలా దేశాలకు పాకింది, ఇప్పటి ఆండ్రాయిడ్, ఐఫోన్ రెండింటిలోనూ ఉంది. కానీ కేంద్రం వైపు నుంచి కూడా దానికి ఏర్పాటు ఉంటేనే పనిచేస్తుంది. అది లేనిచోట సెల్ టవరును బట్టి తెలిసే స్థానం వందల మీటర్ల నుంచి కిలోమీటర్ల దాకా తప్పొచ్చు.

అపార్టుమెంట్ల విషయంలో మ్యాప్ గుర్తు భవనం దాకా తెస్తుంది, అంతస్తు మాత్రం నోటితో చెప్పాల్సిందే. రెండు మెట్ల దారులుంటే వాటికి పేర్లు పెట్టి, కింద గుమ్మం దగ్గరే ఏ ఫ్లాట్లు ఎటో పెద్దగా రాయించండి. స్ట్రెచర్ పట్టే లిఫ్టు ఏదో కూడా రాయండి. పైదాకా వెళ్లాక పట్టదని తెలిస్తే జరిగే ఆలస్యం నేను చాలాసార్లు ఫోనులో విన్నాను.

జవాబు (స్వచ్ఛందులు కలిసి గీసే ఉచిత మ్యాప్ ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ సభ్యుడు):

కోడ్‌ల గురించి నేను చెబుతాను. ఇలాంటి కోడ్ నేలను చిన్న చిన్న గడులుగా విడదీసి, ఒక్కో గడికి ఇచ్చే అక్షరాల గుర్తు. వాటిలో ప్లస్ కోడ్ ఉచితం, ఇంటర్నెట్ లేకున్నా లెక్కగట్టవచ్చు. పది అక్షరాల కోడ్ సుమారు 14 మీటర్ల గడిని చూపుతుంది. భారత తపాలా శాఖ 2025లో తెచ్చిన ఇలాంటి కోడ్ డిజిపిన్, దాని గడి సుమారు 4 మీటర్లు. రెండూ మంచివే, చిరునామాకు తోడుగా ఉంచుకోండి. చిరునామాకు బదులుగా మాత్రం వద్దు. ఒక కోడ్ చూసి పక్క ఇల్లు ముందుందో వెనకుందో ఎవరూ చెప్పలేరు, వీధిలో నిలబడ్డ డ్రైవరుకు అది ఉపయోగపడదు. పైగా హాల్లో సోఫా మీద కూర్చుని కోడ్ తీస్తే మళ్లీ వెనుక ప్రహరీ కథే. గేటు బయట, ఆకాశం కనిపించే చోట నిలబడి తీయండి.

అక్షాంశ రేఖాంశాలు నమోదు చేస్తే అయిదు దశాంశ స్థానాలు రాయండి. అయిదో స్థానం దాదాపు ఒక మీటరు, నాలుగోది 11 మీటర్లు. మూడు స్థానాలకే ఆపితే మనిషి పక్క వీధిలో తేలతాడు. 17.30 డిగ్రీలు, 17 డిగ్రీల 30 నిమిషాలు ఒకటి కావు. నిమిషాల్లో ఉన్నదాన్ని దశాంశంగా చదివితే సుమారు 22 కిలోమీటర్ల తేడా వస్తుంది. కాగితం మీద ఏ పద్ధతో పైనే రాయండి.

మ్యాప్ సరిచేయడం మీ చేతిలో పనే. 2010 జనవరి 12న హైతీలో భూకంపం వచ్చినప్పుడు ప్రపంచం నలుమూలల నుంచీ స్వచ్ఛందులు ఉపగ్రహ చిత్రాలు చూసి ఆ దేశ రాజధాని పోర్టో ప్రిన్స్ వీధులను కొద్ది రోజుల్లోనే మా మ్యాప్‌లో గీశారు, సహాయ బృందాలు దాన్ని వాడుకున్నాయి. కానీ పైనుంచి రోడ్డు కనిపిస్తుంది, దాని పేరు, ఇంటి నంబరు, గేటుకు వేసిన తాళం కనిపించవు. అవి అక్కడ ఉండేవాళ్లే చెప్పాలి. ప్రహరీ గోడలు, గేట్లు, రాత్రి మూసే దారులు, అగ్నిమాపక వాహనం పట్టని సందులు అన్నీ గుర్తించండి. ఇతర మ్యాపుల్లోనూ తప్పు తెలియజేసే సౌకర్యం ఉంది, విడిగా పంపాలి. రోగుల పేర్లు, ఎవరింట్లో ఎవరు ఒంటరిగా ఉంటారన్నవి మాత్రం ఎక్కడా పెట్టకండి.

ప్రశ్న (కార్యదర్శి):

వెనుక గేటు రాత్రి పదికి మూసేస్తామండీ. దాన్ని ఎలా చూపాలి? బోర్డులు ఎలా ఉండాలి?

జవాబు (సర్వే, మ్యాపుల పనిలో ఉన్న సభ్యుడు):

గేటు మూసే వేళలు మ్యాప్‌లో రాయవచ్చు, కానీ అన్ని యాప్‌లూ వాటిని పట్టించుకోవు. తాళంచెవి కాపలాదారు దగ్గర ఉండేలా చూడండి, ప్రధాన గేటునే దారిగా చెప్పడం అలవాటు చేయండి.

బోర్డు ఇంటి గోడకు కాదు, గేటు పక్కన ఉండాలి. వీధికి అడ్డంగా, రెండువైపులా రాసి ఉంటే వచ్చే బండికి దూరం నుంచే కనిపిస్తుంది. వీధికి సమాంతరంగా బిగిస్తే ఎదురుగా వచ్చాక గాని కనబడదు. హెడ్‌లైటు పడితే మెరిసే రేకు, ముదురు రంగు మీద తెల్ల అంకెలు వాడండి. అమెరికాలో చాలాచోట్ల పాటించే అగ్నిమాపక నియమావళి అంకెకు కనీసం 4 అంగుళాల ఎత్తు అడుగుతుంది, అంతకు తగ్గించకండి. అలంకారపు అంకెలు వద్దు. తీగమొక్కలు కమ్ముకోకుండా చూసుకోండి.

జవాబు (అత్యవసర కాల్స్ కేంద్రంలో పనిచేసిన సభ్యురాలు):

ప్రతి ఇంట్లో ఫోను దగ్గర ఒక కాగితం అంటించండి: ఇంటి నంబరు, వీధి, కాలనీ, అంతస్తు, ఏ రోడ్డు నుంచి లోపలికి రావాలి, గేటుకు దగ్గరి కొండగుర్తు, తిరిగి కాల్ చేయాల్సిన నంబరు. కంగారులో సొంత ఇంటి నంబరు కూడా మరిచిపోతారు. పిల్లలచేత ఒకటికి రెండుసార్లు చదివించండి. కొండగుర్తుగా దుకాణం కన్నా నీళ్ల ట్యాంకు మేలు, దుకాణాలు మారిపోతాయి.

అంతా అయ్యాక కాలనీ ఎరగని డ్రైవరును చీకటి పడ్డాక పిలిపించండి. ఒకసారి మ్యాప్‌తో, మరోసారి మ్యాప్ లేకుండా నాలుగైదు ఇళ్లు వెతకమనండి. అతను ఎక్కడ తడబడితే అక్కడ బోర్డో, గుర్తో సరిచేసి, ఆ తరువాతే జాబితాను కాల్ కేంద్రానికీ అగ్నిమాపక కేంద్రానికీ రాతపూర్వకంగా పంపండి. కొత్త ఇల్లు వచ్చిన ప్రతిసారీ మళ్లీ పంపే బాధ్యతను సంఘంలో ఒకరికి అప్పగించండి.