చర్చ: నరసాపురం లేసు మ్యూజియంలో ఏ గదిలో ఉండాలి?

పాలకొల్లు చదువరి:
గోదావరి డెల్టాకు ఒక స్థానిక చరిత్ర మ్యూజియం ఏర్పడి, అందులో వేషధారణ, చేతిపనులు, ఆవిష్కరణలు అని మూడు గదులు ఉంటాయనుకుందాం. 1847లో మొదలై 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట నమూనాను ఆవిష్కరణల గదిలో పెట్టడానికి ఎవరూ అభ్యంతరం చెప్పరు. కొక్కెపు సూదితో దారాన్ని అల్లి చేసే నరసాపురం లేసును మాత్రం వేషధారణ గదిలో ఒక గౌను పక్కన వేలాడదీస్తే సరిపోతుందా?

గోదారి గట్టు:
సరిపోతుందనే నా అభిప్రాయం. ఆ అల్లిక 19వ శతాబ్దిలో క్రైస్తవ మిషనరీల ద్వారా ఇక్కడికి వచ్చింది. ఇతరుల దగ్గర నేర్చుకున్న విద్యను మన ఆవిష్కరణ అనడం చరిత్రకు న్యాయం కాదు. 2024లో ఈ లేసుకు భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) దక్కింది, సంతోషమే, కానీ దానివల్ల పుట్టుక మారదు.

మొగల్తూరు కోడలు:
పుట్టుక గురించి గట్టు గారు చెప్పినది నిజమే. అయితే వారు అల్లికను చూశారు గానీ, పని పంచుకున్న తీరును చూడలేదు. ఒక ఇంట్లో సూదితో పువ్వులు అల్లితే, మరో ఇంట్లో ఆ పువ్వులను అంచులు కలిసేలా జతచేసి అతుకుపని పూర్తిచేస్తారు. ఏజెంటు వాటిని సేకరించి ఎగుమతిదారుకు చేరుస్తాడు. వంటపని ముగించి అరుగు మీద కూర్చున్న స్త్రీల చేతులతో, కార్ఖానా అనేదే లేకుండా విదేశాలకు సరుకు పంపిన ఈ ఏర్పాటు ఇక్కడ స్థిరపడినదే. ఊసుపోక చేసే పని అనే పేరు పెట్టి కూలిని తగ్గించి ఉంచినదీ ఈ ఏర్పాటే, కనుక దీనిని పొగడ్తగా ఆవిష్కరణ అనడం లేదు. అద్దం వెనుక పూర్తయిన బల్లగుడ్డ ఒక్కటే ఉంటే ఈ కథలో సగం కనబడదు.

గోదారి గట్టు:
ఆ లెక్కన ఉప్పాడ జాందానీని కూడా తరలించాలి (ఉప్పాడ డెల్టాలోకి రాదనే తగాదాను ఇప్పటికి వదిలేద్దాం). 2009లోనే గుర్తింపు పొందిన ఆ చీరలో బుటాకు కావలసిన నూలును పడుగు పోగుల మధ్య చేత్తోనే దూర్చి నేస్తారు. అది కూడా ఆవిష్కరణేనా?

మొగల్తూరు కోడలు:
గది పేరు మీద నాకు పట్టుదల లేదండీ. అతకని పువ్వులు కొన్ని, సూది, దారపు ఉండ, వాటి పక్కన పూర్తయిన బల్లగుడ్డ ఉండాలి. అల్లినవారికి, అతికినవారికి, ఏజెంటుకు ఎంతెంత ముట్టిందో చీటీ మీద రాయాలి. ఆ చీటీ రాయడానికి ఒప్పుకుంటే వేషధారణ గదిలోనే ఉంచండి.