మాస్కింగ్‌కి మన మాట ఏది? ముసుగా, మరుగా, కాపా?

తిరుపతిలో మా వీధి పిల్లలు ఆరేడు మంది ఆదివారం పూట మా మిద్దె మీదికి వస్తారు, రిమోట్ కార్ల బాడీలకు ఎయిర్‌బ్రష్‌తో (గాలితో రంగును తుంపరలా చిమ్మే చిన్న పరికరం) రంగులు కొట్టడం నేర్పిస్తున్నాను. ఇంటి దగ్గర కూడా చేసుకుంటారని రెండు పేజీల కాగితం తెలుగులోనే రాసిచ్చాను. ఆ కాగితంలో ఒక్క మాట వల్ల పోయిన వారం ఒక పిల్లాడి బాడీ పాడైంది. ఆ మాట గురించే ఈ పోస్టు, కొంచెం పొడుగ్గా ఉంటుంది, ఓపిగ్గా చదవండి.

కాగితంలో మొదటి పాయింటు "మాస్క్ వేసుకోండి". రంగు తుంపర ముక్కులోకి, ఊపిరితిత్తుల్లోకి పోకుండా. నాలుగో పాయింటు "మాస్క్ వేయండి, బాగా ఆరనివ్వండి". ఇది రంగు అంటకూడని చోట్ల అడ్డుగా ఉండేలా బాడీ లోపల పూసే ద్రవం గురించి, ఆ పనినే మాస్కింగ్ అంటారు. పిల్లాడు రెండూ ఒకటే అనుకున్నాడు, ఒకసారి మర్చిపోతామేమోనని మామ రెండోసారి గుర్తు చేశాడనుకున్నాడు. ముక్కుకు మాస్క్ కట్టుకుని, నేనిచ్చిన సీసా మూత కూడా తీయకుండా, నేరుగా ఎర్ర రంగు కొట్టేశాడు. నల్ల బాడీ మీద మంటలు రావాల్సింది, మొత్తం ఎర్రగా అయిపోయింది. "మామా, మాస్క్ వేసుకున్నా కదా" అని అడిగితే నా దగ్గర జవాబు లేదు. దాచుకున్న డబ్బుతో కొనుక్కున్న బాడీ అది.

ఈ పని తెలియని వాళ్ళ కోసం కాస్త చెప్తాను, లేకపోతే ఏ మాట సరిపోతుందో తేల్చలేం. ఈ బాడీలు పాలికార్బొనేట్ అనే ప్లాస్టిక్‌తో చేస్తారు, లెక్సాన్ అనేది దాని బ్రాండు పేరే కానీ అందరూ అదే పేరుతో పిలుస్తారు. అద్దంలా ఇటు నుంచి అటు కనిపిస్తుంది, మందం ఒక మిల్లీమీటరుకు అటూ ఇటూ ఉంటుంది. రంగు బయట కొట్టరు, లోపల కొడతారు. కారు పల్టీ కొట్టినా, రోడ్డుకు రాసుకున్నా గీతలు ప్లాస్టిక్ మీద పడతాయి కానీ రంగు చెక్కుచెదరదు. లోపల కొట్టడం వల్ల వరస తిరగబడుతుంది. ముందు కొట్టిన రంగే బయటికి కనిపిస్తుంది, తర్వాత కొట్టినవి దాని వెనక్కి పోతాయి. అందుకే ముదురు రంగులు ముందు, లేత రంగులు తర్వాత. పసుపు ముందు పల్చగా కొట్టి దాని వెనక నలుపు కొడితే ఆ నలుపు పసుపులోంచి తొంగి చూస్తుంది, రంగు మురికిగా అవుతుంది.

డిజైన్ రావాలంటే ఒక రంగు పడేటప్పుడు మిగతా చోట్లకు రంగు అంటకూడదు. దానికి లోపలంతా రబ్బరు లాంటి ద్రవాన్ని మూడు నాలుగు పూతలు పూస్తాం, ఒక్కో పూత ఆరాకే ఇంకోటి. పూసేటప్పుడు చిక్కగా ఉంటుంది, ఆరాక మీగడ కట్టినట్టు పల్చటి తొక్క అవుతుంది. ఆ తొక్క మీద బ్లేడుతో డిజైన్ గీసి, ముందుగా రంగు పడాల్సిన ముక్కను లేపి తీసేసి, అక్కడ రంగు కొడతాం. ఆరాక ఇంకో ముక్క తీస్తాం, ఇంకో రంగు. పూతలు తక్కువైతే తొక్క సాగకుండా ముక్కలు ముక్కలుగా చిరుగుతుంది, గోటితో గీరుకుంటూ కూర్చోవాలి. రంగు ఒకేసారి తడిగా కొట్టినా అంచు కిందికి పాకుతుంది.

ఈ ద్రవానికి, ఈ పనికి తెలుగులో ఏం మాట వాడాలి? ఫోన్లో అనువాదం అడిగితే "ద్రవ ముసుగు" అని వచ్చింది. నాకది నచ్చలేదు. ముసుగు అంటే ఉన్నదాన్ని కళ్ళకు కనపడకుండా చేసేది. ముసుగు దొంగ, ముసుగు తన్ని పడుకోవడం, అన్నీ అవే. ఇక్కడ మేం దాచేది ఏమీ లేదు, రాబోయే రంగు తగలకుండా ఆపుతున్నాం. మీ పనుల్లో, మీ ఇళ్ళల్లో దీనికి దగ్గరి మాట ఏదైనా ఉంటే చెప్పండి.

కరకంబాడి రోడ్డు, బండ్ల పెయింటింగ్ షెడ్డు నుంచి:
అన్నా, మా షెడ్డులో "టేపేసి పేపర్ అంటించు" అంటాం, అంతే. వేరే పేరు లేదు. కానీ మీది టేపు కాదు కాబట్టి ఆ మాట అతకదు. ఒక్క విషయం మాత్రం రాయండి, కార్లకు వాడే మామూలు స్ప్రే డబ్బాలు ఆ ప్లాస్టిక్‌కి పనికిరావు. నా కొడుకు బాడీకి నేనే అలా కొట్టాను, రెండు రోజులకే బాడీ వంగిన చోటల్లా పెచ్చులూడింది.

నా జవాబు:
నిజం అన్నా. పాలికార్బొనేట్‌కి వేరే రంగులుంటాయి, బాడీతో పాటు వంగుతాయి. టమియా వాళ్ళ పీఎస్ వరస డబ్బాలు దీనికే. అదే కంపెనీ టీఎస్ వరస గట్టి ప్లాస్టిక్ బొమ్మలకు. ఒక్క అక్షరం తేడా, కొనేటప్పుడు చూసుకోవాలి.

శ్రీకాళహస్తి నుంచి, కలంకారీ పని చేసే అక్క:
తమ్ముడూ, నువ్వు చెప్పిన పని మా ఇంట్లో ఎప్పటి నుంచో ఉంది, గుడ్డ మీద. నీలిమందు రంగు వేసేటప్పుడు నీలం పడకూడని చోటల్లా కరిగించిన మైనం రాస్తాం. తర్వాత గుడ్డను నీలిలో ముంచుతాం, మైనం ఉన్న చోట నీలం అంటదు. చివరికి మరుగుతున్న నీళ్ళలో వేస్తే మైనం కరిగిపోతుంది. దాన్ని మేం "మైనం రాయడం" అనే అంటాం, పనికి వేరే పేరు పెట్టుకోలేదు. మీ వాళ్ళకు నేను చెప్పేది ఇంకోటి. మేం ముందు గుడ్డను కరక్కాయ, పాలు కలిపిన నీళ్ళలో తడిపి ఆరేస్తాం. పాలల్లో కొవ్వు ఉంటేనే కలం గీత పాకకుండా నిలుస్తుంది. మీ ప్లాస్టిక్‌కి అలా కాదనుకుంటా?

నా జవాబు:
అక్కా, మాకు సరిగ్గా తలకిందులు. చేతి జిడ్డు కొంచెం ఉన్నా రంగు పట్టదు, ఊడిపోతుంది. అందుకే మొదట గిన్నెలు తోమే సబ్బు నీళ్ళతో బాడీ లోపల కడిగి ఆరబెడతాం, ఆ తర్వాత లోపల వేలు పెట్టనివ్వను. మీ గుడ్డకు కొవ్వు కావాలి, మా బాడీకి జిడ్డే పనికిరాదు. పని మాత్రం ఒకటే, తగలనివ్వకుండా ఆపడం. "మైనం" అని పెడదామా అనిపించింది కానీ మా సీసాలో ఉన్నది మైనం కాదు, పిల్లలు కొవ్వొత్తి కరిగించి పోస్తారేమోనని భయం.

చంద్రగిరి నుంచి, డిగ్రీ చదివే అమ్మాయి:
అన్నా, "మరుగు" ఎలా ఉంది? కనుమరుగు, మరుగున పడటం, అన్నిటా దాగడమే కదా. అక్క చెప్పిన దాంట్లో నీళ్ళు మరగడం కూడా అదే అక్షరాలు. రుచి మరిగిన పిల్లి అనేదీ ఉంది. ఒక మాటలో మూడు అర్థాలు, నాకు చాలా ఇష్టం ఈ మాట.

నా జవాబు:
నాకూ ఇష్టమే తల్లీ. మైనంతో మరుగు చేసి, మరిగే నీళ్ళలో తీసేయడం వింటే ఒళ్ళు పులకరించింది. కానీ మరుగు కూడా కంటికి సంబంధించిందే, కనపడకుండా పోవడం. ముసుగుతో ఉన్న ఇబ్బందే దీనితోనూ ఉంది. పైగా పన్నెండేళ్ళ పిల్లలకు మరుగు అనగానే ముందు గుర్తొచ్చేది మరుగుదొడ్డి. తెర, చాటు కూడా ఆలోచించాను. గుళ్ళో నైవేద్యం వేళ వేసే తెర కూడా చూపుకి అడ్డమే. చాటు అయితే ఇంకా విచిత్రం. చెట్టు చాటున అంటే దాగడం, చాటడం అంటే నలుగురికీ వినిపించేలా చెప్పడం, మన గంగమ్మ జాతర మొదలయ్యేదే చాటింపుతో. మాట చాలా బాగుంది కానీ నా సీసా మీద రాయడానికి కాదు.

చిత్తూరు నుంచి, రిటైరైన తెలుగు మాస్టారు:
నాయనా, మీరు కళ్ళకు సంబంధించిన మాటల్లోనే వెతుకుతున్నారు. మీకు కావాల్సింది రెండు గుణాలు కలిసిన మాట, అది పూతగా ఉండాలి, కాపలాగానూ ఉండాలి. ఆ రెండూ ఉన్న మాట "కాపు". మన వైపు గుళ్ళలో అమ్మవారికి చందనకాపు, ఆంజనేయస్వామికి వెన్నకాపు అంటాం, అక్కడ కాపు అంటే ఒళ్ళంతా పట్టించిన పూత. పొలానికి కాపు కాయడం అంటే కాపలా. కాపరి, కాపలా, కాపాడు అన్నీ ఆ ఇంటి మాటలే. పక్కన తమిళంలో కూడా కాప్పు అంటే రక్షణ, చేతికి వేసే కడియాన్నీ అలాగే అంటారు.

మూలం "కాచు" అనే క్రియ. రాచు నుంచి రాపు వచ్చినట్టు కాచు నుంచి కాపు. ఈ క్రియ ఎన్ని పనులు చేస్తుందో చూడండి. గొర్రెలు కాసినాడు, ఎండ కాసింది, మామిడి కాసింది, పాలు కాచింది. అందుకే ఈ ఏడు మామిడి కాపు బాగుంది అని మన తోటల వాళ్ళు అంటే అది పంట. మీకు కావాల్సింది మొదటిది, కాపలా కాసే కాపు. పూతా అదే, రక్షణా అదే.

చంద్రగిరి అమ్మాయి:
మాస్టారూ, కాపు అంటే రైతు అని కూడా ఉంది కదా, గందరగోళం కాదా?

మాస్టారు:
ఉందమ్మా. కానీ "కాపు పూయండి", "కాపు ఆరనివ్వండి" అంటే రైతు అని ఎవరూ అనుకోరు. పక్క మాట అర్థాన్ని తేలుస్తుంది. ఈ అబ్బాయి కాగితంలో మాస్క్ దగ్గర జరిగిన పొరపాటు అదే, వేసుకోండి, వేయండి అని రెండు చోట్లా పక్క మాటలు కూడా ఒకేలా ఉన్నాయి. పిల్లవాడిని ఏమనగలం?

కరకంబాడి రోడ్డు అన్న:
మాస్టారూ, ఒక అనుమానం. కాపు అంటే ఉండిపోయేది అనిపిస్తోంది. వీళ్ళది పని అయ్యాక తీసి పారేసేది కదా.

మాస్టారు:
సింహాచలం గుర్తు తెచ్చుకోండి. స్వామి ఏడాదంతా చందనం పూతలోనే ఉంటాడు, వైశాఖ శుద్ధ తదియ నాడు చందనం ఒలిచి నిజరూప దర్శనం ఇస్తారు. తీయడం కూడా కాపు కథలో ఉన్నదే. "ఒలవడం" అనే మాట కూడా మీరు తీసుకోవచ్చు, తొక్కలాగా వస్తుంది అన్నారు కదా.

నా జవాబు:
మాస్టారూ, చాలా సేపు కుర్చీలో అలాగే కూర్చుండిపోయాను. చందనం తీస్తే కింద స్వామి ఉన్నట్టు, కాపు ఒలిస్తే కింద ఇంకా రంగు తగలని శుభ్రమైన బాడీ ఉంటుంది, మా పని మొత్తం దాని కోసమే. ఇక వేరే మాట వెతకను. సీసా మీద "కాపు" అని రాసేశాను. ముక్కుకు కట్టుకునేది "మాస్క్"గానే ఉంటుంది, కరోనా తర్వాత దాన్ని ఇంకో పేరుతో ఎవరూ పిలవరు. కాగితం మళ్ళీ రాశాను, చూడండి:

"కాపు నాలుగు పూతలు పూయండి, ఒక్కోటి ఆరాకే ఇంకోటి. మొత్తం ఆరాక డిజైన్ గీతల మీద బ్లేడుతో కోయండి. నల్ల రంగు పడాల్సిన చోట కాపు ఒలవండి. మాస్క్ కట్టుకుని నలుపు పల్చగా మూడు నాలుగు సార్లు కొట్టండి. ఆరాక నారింజ రంగు చోట కాపు ఒలవండి, రంగు కొట్టండి. తర్వాత పసుపు. చివరగా అన్నిటి వెనకా తెలుపు."

శ్రీకాళహస్తి అక్క:
తమ్ముడూ, "కోయండి" అని రాశావే. ఆ తొక్క కింద మిల్లీమీటరు ప్లాస్టికే కదా ఉండేది? కోయమంటే పిల్లలు కూరగాయ కోసినట్టు నొక్కుతారు. మేం కలంతో చేసేది "గీయడం".

నా జవాబు:
అక్కా, మీరు చెప్పకపోతే ఇంకో బాడీ పోయేది. బ్లేడు బాడీకి తగిలి గీత పడితే కారు గోడకు గుద్దుకున్నప్పుడు సరిగ్గా ఆ గీత వెంబడే చీలుతుంది, పోయిన ఏడాది నాదే ఒకటి అలా పోయింది. కొత్త బ్లేడు పెట్టి, బరువు వేయకుండా, తొక్క వరకే తెగేలా లాగాలి. "గీయండి" అని మార్చాను, పక్కనే "బాడీకి తగలనివ్వకండి" అని కూడా.

ఇంకొక్కటి అడుగుతాను మాస్టారూ. బాడీ బయటి వైపు కంపెనీ వాళ్ళే ఒక పల్చటి ప్లాస్టిక్ పొర అంటించి పంపుతారు, రంగు తుంపర బయట పడకుండా. రంగులన్నీ అయిపోయాక దాన్ని లాగేస్తాం, అప్పుడే బాడీ నిగనిగలాడుతూ బయటపడుతుంది. దాన్ని "పైకాపు" అనొచ్చా?

మాస్టారు:
అనొచ్చు, వ్యాకరణం ఒప్పుకుంటుంది. కానీ పిల్లల కాగితం కదా, వద్దు. దాన్ని "పైపొర" అనండి. లేకపోతే కాపు ఒలవండి అన్న చోట ముందే దాన్ని లాగేస్తారు.

నా జవాబు:
సరే మాస్టారూ, పైపొర అనే రాశాను. ఆదివారం ఆ పిల్లాడికి నా దగ్గరున్న కొత్త బాడీ ఒకటి ఇస్తున్నాను, ఈ కాగితం ముందు వాడితోనే చదివిస్తాను. ఎక్కడైనా ఆగితే వచ్చి ఇక్కడ చెప్తాను.